‘నేను లేకపోతే మీకు టెన్షన్ ఉండదు’ అంటున్నాడు మా తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు, బీటెక్ చదువుతున్నాడు. తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని నాకు ఎప్పుడో చెప్పాడు. ఈమధ్య వాడి ఫోన్‌లో మెసేజ్‌లు చూసి నాన్నకి తెలిసిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో రోజూ గొడవే, మార్చే డాక్టర్ ఎవరో ఉన్నారట, తీసుకెళ్తానంటున్నారు. వాడు సరిగా తినట్లేదు, గదిలోంచి బయటికి రావట్లేదు. నిన్న ‘నేను లేకపోతే మీకు టెన్షన్ ఉండదు’ అన్నాడు. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అడగండమ్మా, ఈరోజే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల ఉంటే మాత్రం చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. తలుపు వేసి, పక్కన కూర్చుని, ‘నిన్న నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదురా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగానే అనండి. ‘పిచ్చి మాటలు మాట్లాడకు’, ‘అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా’ లాంటివి వద్దు, ఆ మాట వినగానే పిల్లలు నోరు మూసేసుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పొలం మందులు, మాత్రలు ఉంటే తాళంలో పెట్టండి, 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలిమానస్, ఉచితం, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రమాదం అప్పటికప్పుడే ఉందనిపిస్తే 108కి చేసి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ నాన్నగారి విషయం. అబ్బాయిలంటే ఇష్టం కావడం మీ తమ్ముణ్ణి ప్రమాదంలో పడేయట్లేదు, ఇంట్లో రోజూ జరుగుతున్నదే పడేస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెయిట్లిన్ రయాన్ బృందం 21 నుంచి 25 ఏళ్ల గే, లెస్బియన్, బైసెక్సువల్ యువతను అడిగి 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. టీనేజీలో ఇంట్లోవాళ్ల ఛీత్కారం ఎక్కువగా పడ్డవాళ్లు ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పే అవకాశం, అది లేనివాళ్లు లేదా తక్కువగా ఉన్నవాళ్లకంటే 8 రెట్లకు పైగా ఉంది. ఈ లెక్క నాన్నగారికి చూపించండి. కోపంలో ఉన్న తండ్రికి కూడా కొడుకు ప్రాణం కంటే పెద్దది ఏమీ ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ‘మార్చే’ డాక్టర్ దగ్గరికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోనివ్వకండి. స్వలింగాకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది, మన దేశ మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది రోగం కాదని చెప్పింది, అదే ఏడు సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ తీర్పుతో ఇది నేరమూ కాదని తేలిపోయింది. ఇలాంటి ‘చికిత్స’ చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా స్పష్టం చేసింది, అంటే మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మీ తమ్ముడికి సైకియాట్రిస్టు అవసరం ఉండొచ్చు, కానీ అది ఆ దిగులుకి, నిద్రకి, తిండికి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్ చేసి, ‘మా తమ్ముడు గే, మీరు మార్చే ప్రయత్నం చేస్తారా?’ అని అడగండి. చేస్తామంటే ఫోన్ పెట్టేసి ఇంకొకరిని వెతకండి.

బంధువులెవరికీ వాడి అనుమతి లేకుండా చెప్పొద్దు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనల సంగతి డాక్టరుకి, ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిందే, అది చెప్పేముందు కూడా ‘ఇంతవరకే చెప్తానురా’ అని వాడితో అనండి.