ఇనుము అయస్కాంతం కదా, మరి ఇనుమున్న పదార్థం సూపర్‌కండక్టర్ (రెసిస్టెన్స్ సున్నాగా కరెంటు పారించేది) ఎలా అవుతుంది?

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, అడిగించేది మాత్రం గైడు. ‘అయస్కాంతత్వం సూపర్‌కండక్టివిటీకి శత్రువు’ అని ఒక్క లైను బట్టీ పట్టించి వదిలేస్తుంది. జపాన్‌లో హోసోనో బృందం ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 26 కెల్విన్ (సుమారు మైనస్ 247 డిగ్రీల సెల్సియస్) దగ్గర సూపర్‌కండక్టివిటీ చూపించింది 2008లో. గైడులో ఆ లైను మారలేదు, వెల మాత్రం ఏటా మారుతుంది.

మొన్న క్లాసులో బేరియం, ఇనుము, ఆర్సెనిక్ సమ్మేళనం గ్రాఫు జెరాక్స్ తీసి పంచాను. ఆ సమ్మేళనంలో సుమారు 140 కెల్విన్ కిందికి వస్తే ఇనుము స్పిన్లు (పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలనుకోండి) ఒక వరుస ఇటు, పక్క వరుస అటు తిరిగి సర్దుకుంటాయి. ఆర్సెనిక్ బదులు కొంచెం కొంచెం ఫాస్ఫరస్ పెడుతూ పోతే, అది చిన్న పరమాణువు కాబట్టి స్ఫటికం బిగుసుకుని ఆ వరుసలు చెదిరిపోతాయి. 30 శాతం దగ్గర పరమశూన్యంలో (0 కెల్విన్‌లో) కూడా వరుస నిలవదు. క్వాంటమ్ క్రిటికల్ పాయింట్ అదే. నేను పంచింది ఆ 30 శాతం శాంపిల్ రెసిస్టెన్స్ గ్రాఫు. నరసన్నపేట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి స్టీలు స్కేలు తీసి గీత మీద ఆనించి, కళ్లు దగ్గరగా పెట్టి చూసి, “సార్, ఇది కొలిచిందా, గీసిందా?” అంది. అంత తిన్నగా ఉంది మరి! మామూలు లోహంలో చలి బాగా పెరిగాక రెసిస్టెన్స్ ఉష్ణోగ్రత వర్గాన్ని బట్టి తగ్గుతుంది, గీత వంగుతుంది. ఇక్కడ తిన్నగా దిగి, 30 కెల్విన్ దగ్గర ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది.

“రథసప్తమికి అరసవల్లి క్యూలో తాళ్లు తీసేస్తే ఏమవుతుందమ్మా?” అన్నాను. ఒకడు తోస్తే ఆ తోపు ఎక్కడో చివరివాడికి తగులుతుంది. వరుస పోయింది కానీ కుదుపు పోలేదు, పైగా అప్పుడే ఎక్కువ. స్పిన్లలో ఉండే అలాంటి కుదుపే ఎలక్ట్రాన్లను జంటకట్టి సూపర్‌కండక్టివిటీ తెస్తుందని నా గట్టి నమ్మకం. ఈ పదార్థాల్లో ఒక్క ఫోనాన్లతో, అంటే స్ఫటికం కంపనాలతో, లెక్క తేలదు. పైగా అయస్కాంత క్షేత్రం సూపర్‌కండక్టర్ లోపలికి ఎంత లోతు దిగుతుందో కొలిచి చూస్తే సరిగ్గా ఆ 30 శాతం దగ్గరే నిట్టనిలువు శిఖరం వచ్చిందని 2012లో చూపించారు. కుదుపు అక్కడే జోరుగా ఉందనడానికి ఇంకేం కావాలి?

ఐరన్ సెలీనైడ్‌లో (ఇనుము, సెలీనియం సమ్మేళనం) స్పిన్లకు అసలు వరుసే లేదు కదా, అదెలా సూపర్‌కండక్టర్ అయిందని వాదించేవాళ్లు కామెంట్లలోకి వస్తారని తెలుసు. వరుస లేదు నిజమే, స్పిన్ల కుదుపు దాంట్లోనూ ఉంది బాబూ.