పెరటి చెట్టు ఎప్పుడు కొట్టించాలి? ఎలా?

ప్రశ్న: మా గేటు పక్కన పాతికేళ్ల తురాయి చెట్టు ఉంది. మొదటి నుంచీ ఇంటి వైపు కాస్త వాలే ఉంటుంది. మొదలు చుట్టుకొలత 190 సెంటీమీటర్లు. పోయిన వేసవిలో వీధి వైపు డ్రైనేజీ కాలువ తవ్వినప్పుడు, చెట్టుకు రెండున్నర అడుగుల దూరంలో లావు వేళ్లు తెగాయి. ఇప్పుడు ఆ వైపు నేలలో సన్నని పగులు కనిపిస్తోంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంది. కొట్టించాలా, వద్దా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొట్టించండి, వానలు మొదలవక ముందే. చెట్టు పచ్చగా ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆకులకు నీరందించడానికి మిగిలిన వేళ్లు సరిపోతాయి కానీ, ఈదురుగాలికి నిలబడటానికి సరిపోవు.

ఒట్టి వాలు ప్రమాదం కాదు. మొక్కగా ఉన్నప్పుడే ఒరిగిన చెట్టు వెలుతురు కోసం పైకి వంగుతూ పెరుగుతుంది, అందుకే దాని కొస నిటారుగా ఉంటుంది. మొదలు నుంచి కొస దాకా ఒకే వాలులో ఉంటే మాత్రం ఈ మధ్య ఒరిగిందని అర్థం. ఆ తర్వాత వాలిన వైపుకు ఎదురుగా ఉన్న నేల చూడాలి. చెట్టును వెనక్కి లాగి పట్టుకునేవి అటు వైపు వేళ్లే. మీ చెట్టు ఇంటి వైపు వాలింది, వేళ్లు తెగింది వీధి వైపు, పగులు వచ్చిందీ అక్కడే. పట్టు పోవలసిన చోటే పోయింది. కాండం వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల లావు వేళ్లు నరికితే చెట్టు నిలకడ దెబ్బతింటుందని ఒక మోటు లెక్క. మీ చెట్టు వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు కాబట్టి ఆ దూరం 180. కాలువ తవ్వింది 75 సెంటీమీటర్లలో.

తొర్ర ఉన్న చెట్లకు ఇంకో లెక్క ఉంది. కొయ్య సుత్తితో కాండం చుట్టూ కొట్టి చూస్తే గట్టి చోట ‘టక్’మంటుంది, బోలుగా ఉన్న చోట డప్పులా మోగుతుంది. అనుమానం ఉన్న చోట సన్నని బిట్‌తో డ్రిల్ చేస్తే పొట్టు ఎంత లోతు వరకు గట్టిగా వస్తుందో తెలుస్తుంది. చుట్టూ మిగిలిన గట్టి కలప మందం, కాండం వ్యాసార్ధంలో మూడో వంతుకు తగ్గితే చెట్టును నమ్మలేం. 60 సెంటీమీటర్ల కాండానికి 10 సెంటీమీటర్ల గోడైనా మిగలాలి. తొర్ర ఒక పక్కకు తెరుచుకుని ఉంటే అదీ చాలదు. తొర్రలో సిమెంటు నింపే పాత అలవాటు మానండి. గాలికి కలప ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఆ సందులో తేమ చేరి కుళ్లు మరింత లోపలికి పోతుంది. చెట్టు మొదలు దగ్గర అరల్లా గట్టి పుట్టగొడుగులు పుడితే, లోపల కుళ్లు చాలాకాలంగా ఉన్నట్టే లెక్క.

చెట్టు దిగేదాకా దాని కింద బండి పెట్టకండి, అటు వైపు గదిలో పడుకోకండి. ఇంటి పిల్లర్‌కు గొలుసు వేసి కట్టే పని అసలే వద్దు. ముఖ్యంగా, వేళ్ల పట్టు పోయిన చెట్టు మీదికి మనిషిని ఎక్కించకూడదు. కొమ్మ తెగిన కుదుపుకే మొదలు లేచిపోవచ్చు. క్రేన్‌కు తగిలించిన తొట్టిలో మనిషి నిలబడి పైనుంచి ముక్కలుగా కోసుకురావాలి.

ప్రశ్న: 40 అడుగుల వేప చెట్టు ఇంటి గోడకు 15 అడుగుల దూరంలో ఉంది. రెండుగా చీలిన కాండంలో చీలిక దిగుతోంది. ‘మోకు కట్టి లాగితే అరగంటలో పడేస్తాం’ అంటున్నాడు మేస్త్రీ. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. ఒక్కసారిగా పడేయాలంటే అన్ని వైపులా చెట్టు ఎత్తుకు రెండింతల ఖాళీ ఉండాలి, అంటే మీకు 80 అడుగులు. అంత చోటు ఇళ్ల మధ్య దొరకదు.

ముందు అనుమతి సంగతి చూసుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం కింద, సొంత ఆవరణలోని చెట్టు నరకడానికైనా అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, మీ చెట్టుకు ఉందో లేదో దరఖాస్తు పెట్టేటప్పుడే అటవీ శాఖ కార్యాలయంలో అడగండి. చీలిక, ఇంటికి దూరం, పై తీగలు కనిపించేలా ఫోటోలు తీసి దరఖాస్తుకు జతచేయండి.

కరెంటు తీగలకు 3 మీటర్ల లోపు ఏ కొమ్మ ఉన్నా 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపినట్టు ఇచ్చే లైన్ క్లియర్) తీసుకున్నాకే రంపం పట్టాలి. ‘పక్క ఫీజు పీకేశాం’ అన్న మాట మీద పని మొదలుపెట్టకండి. ఇన్వర్టర్, జనరేటర్ ఉన్న ఇంటి నుంచి కరెంటు వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది.

పని గాలి లేని, తడి లేని ఉదయం పెట్టుకోండి. చీలుతున్న కాండం పైన చీలిక తెరుచుకోకుండా ముందు బెల్టు బిగించాలి. కోత పైనుంచి కిందికి రావాలి. ప్రతి కొమ్మకూ మూడు కోతలు. కాండానికి ఒక అడుగు, అడుగున్నర అవతల కింది నుంచి నాలుగో వంతు లోతు కోయాలి. దానికి రెండంగుళాలు బయటి వైపు పైనుంచి కోస్తే కొమ్మ తెగుతుంది. మూడో కోతతో మిగిలిన మొండెం తీయాలి. మొదటి కోత ఎగ్గొడితే కొమ్మ బరువుకు బెరడు చీలుకుంటూ కాండం దాకా వస్తుంది. ఎక్కినవాడి కాళ్లు ఉండేది అక్కడే.

30 సెంటీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవున్న పచ్చి దుంగ దాదాపు 200 కిలోలు తూగుతుంది. దాన్ని చేత్తో పట్టి దించేవాడు లేడు. పై కొమ్మకు కప్పీ కట్టి, కింద ఇంకో బలమైన మొదలుకు మోకు రెండు చుట్లు వేసి మెల్లగా వదలాలి. మోకు కొస నడుముకో చేతికో చుట్టుకున్నవాణ్ణి అక్కడే ఆపండి.

చివరికి మిగిలే ఆరేడు అడుగుల కాండానికి చోటు చాలుతుంది కాబట్టి దాన్ని పడేయవచ్చు. పడాల్సిన వైపు, వ్యాసంలో నాలుగో వంతో, ఐదో వంతో లోతున గాటు కొట్టాలి. వెనక కోత ఆ గాటు మట్టానికి అంగుళం పైన వేయాలి. రెండింటి మధ్య వ్యాసంలో పదో వంతు కలప కోయకుండా వదలాలి. పడేటప్పుడు దిశ తప్పకుండా పట్టేది ఆ పట్టీయే. తొందరపడి దాన్నీ కోసేస్తే దుంగ ఎటైనా తిరుగుతుంది. పారిపోయే దారి పడే దిక్కుకు సరిగ్గా వెనకగా కాదు, వెనక పక్కలకు ఏటవాలుగా ఉండాలి.

జేసీబీతో మోడు పీకించాలనుకుంటే మూడు నాలుగడుగులు నిలిపి కోయించండి. నేల మట్టానికి కోసేస్తే బకెట్‌కు పట్టు దొరకదు. మోడును తగలబెట్టొద్దు, మట్టిలో వేళ్ల వెంట నిప్పు రోజుల తరబడి రగులుతుంది. ఎవరు మోడు తీస్తారు, దుంగలు ఎవరివి అన్నవి కూలి మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి, ఎక్కువ గొడవలు వచ్చేది వీటి దగ్గరే.

ప్రశ్న: మా వేప చెట్టు కొమ్మల చివర్లన్నీ మాడిపోయాయి. చచ్చిందని కొట్టేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఆగండి. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే కొమ్మ ఎండు తెగులు కావచ్చు. ఇటీవలి ఏళ్లలో తెలంగాణ అంతటా కనిపించింది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన రెమ్మలు కత్తిరించి తీసేసి, ఇంకో చిగురు కాలం చూడండి.

ప్రశ్న: ఇంటిని ఆనుకుని వాలిన కొబ్బరి చెట్టు ఉంది. తుపానుకు పడుతుందా? తల నరికి పొట్టి చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కొబ్బరికి పెరిగే చోటు మొవ్వు ఒక్కటే. తల నరికితే చెట్టు చస్తుంది, ఎండిన మొద్దు మిగులుతుంది, అది ఇంకా ప్రమాదం. వాలు కొబ్బరికి సహజమే. చెట్టు మొదలు దగ్గర బెరడు నుంచి ఎరుపు, గోధుమ రంగు జిగురు కారుతూ మట్టలు వేలాడితే గానోడెర్మా తెగులని, కాండం రంధ్రాల నుంచి నమిలిన పీచు వస్తుంటే ఎర్రముక్కు పురుగని అనుమానించాలి. ఈ రెంటిలో ఏది ఉన్నా దింపు కార్మికుణ్ణి ఎక్కించకండి, క్రేన్ పిలవండి. చెట్టు ఆరోగ్యంగా ఉంటే తుపాను రోజులకు ముందే గెలలు, ఎండు మట్టలు దించితే చాలు. ఎక్కడానికి కాండం మీద మెట్లు కొట్టనివ్వొద్దు. కొబ్బరికి గాయం పూడదు, కుళ్లు మొదలయ్యేది ఆ మెట్ల దగ్గరే.

ప్రశ్న: పక్కింటివారి ఎండిన చెట్టు మా రేకుల మీదికి ఒరిగింది. చెప్పినా వినడం లేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫోటోలతో, తేదీ వేసి, స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. తర్వాత నష్టం జరిగితే ‘మాకు తెలియదు’ అనే వీలు వారికి ఉండదు. అప్పటికీ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, మీ దగ్గరైతే ఆర్డీఓకు, అర్జీ పెట్టండి. పడి మనుషులకు హాని చేసేలా ఉన్న చెట్టును తీయించమని ఆదేశించే అధికారం వారికి ఉంది. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 133వ సెక్షన్. అర్జీతో పాటు ఉత్తరం నకలు, పోస్టాఫీసు రసీదు జతచేయండి.