పెద్ద పోస్టుకు వెళ్తే ఇంజినీరింగూ, ఇల్లూ రెండూ దూరమవుతాయా?

మీరు టర్బైన్ మెయింటెనెన్స్‌లో పదకొండేళ్లుగా ఉన్నారు. ఇప్పుడు విభాగం మొత్తం చూసుకోమంటున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఒప్పుకుంటే చేతిలో పని పోతుందా, పిల్లలకు దూరమవుతానా అని అడిగారు. నేను ట్రైనీగా చేరి, ఇంజినీరింగ్ హెడ్‌గా రిటైరయ్యాను. నా అనుభవం చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

మొదటి పదేళ్లు నాకు పనంటే ప్రాణం. 3000 ఆర్‌పీఎం మెషీన్ అంటే సెకనుకు 50 సార్లు తిరిగే ఇనుప దూలం. టన్నులకొద్దీ బరువున్న ఆ రోటర్ పలచటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. రెండు రోటర్లను కలిపే కప్లింగ్ దగ్గర, అతిచిన్న కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి, రోటర్‌ని పావు చుట్టు తిప్పి, ముల్లు ఎన్ని గీతలు కదిలిందో రాసుకోవడం నాకు నేర్పింది ఒక పెద్ద ఫిట్టర్ గారు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, అయినా నన్ను 'సార్' అనేవారు. "సార్, రీడింగ్ రాశాక మళ్లీ సున్నా దగ్గరికి తీసుకురండి. ముల్లు సున్నాకి రాకపోతే ముందు రాసినవన్నీ కొట్టేయండి" అనేవారు. ఎంత పెద్ద పోస్టులో ఉన్నా రిపోర్టు చేతికొస్తే మొదట ఆ తిరిగొచ్చిన సున్నా ఉందా అనే చూసేవాణ్ని.

మేనేజర్ అయ్యాక తప్పు ఎక్కడ చేశానంటే, ఆ గేజ్ ఇంకొకరి చేతిలో పెట్టలేకపోయాను. మెషీన్ మొత్తం విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ వచ్చిందంటే పగలూ రాత్రీ నేనే. నేను పక్కన లేకపోతే సరిగ్గా జరగదని నిజంగా నమ్మాను. రాత్రి రెండింటికి ఫోన్ మోగినా నేనే ఎత్తేవాణ్ని. అప్పటికి మా అబ్బాయికి ఆరేళ్లు. ఒక రాత్రి ఫోన్‌లో మాట్లాడి వెనక్కి తిరిగేసరికి, వాడు నిద్రకళ్లతో నా సేఫ్టీ బూట్లు మోసుకొచ్చి గుమ్మం దగ్గర జతగా పెడుతున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. ఫోన్ మోగితే నాన్న వెళ్లిపోతాడని వాడికి అలవాటైపోయింది. లేసులు కూడా వదులు చేసి ఉంచాడు, నాకు తొందరగా ఉంటుందని. అప్పుడు ముద్దు పెట్టి వెళ్లిపోయాను. ఆ బూట్లు నాకు బరువుగా తోచింది చాలా నెలల తర్వాత.

ఆ నెలల మధ్యలోనే ఒక ప్రమాదం జరిగింది. నూనె పైపుల్ని కడిగే ఆయిల్ ఫ్లషింగ్ అయిపోయాక, రోటర్‌ని మోసే ఒక బేరింగ్ దగ్గర పైపు ఫ్లాంజ్, అంటే పైపుల జాయింటు, మళ్లీ విప్పాల్సి వచ్చింది. దుమ్ము పడకుండా గుడ్డ కుక్కారు. బిగించేటప్పుడు అది తీయలేదు. అప్పటికి నేను నిద్రలేక ఇరవై గంటలు దాటింది. చెక్‌లిస్ట్ మీద సంతకం నాదే. మెషీన్ లేపుతుండగా, గుడ్డ అడ్డుపడి నూనె అందక ఆ బేరింగ్ టెంపరేచర్ ఆగకుండా ఎక్కడం మొదలైంది. ట్రిప్ చేశాం, అంటే వెంటనే ఆపేశాం, కానీ అప్పటికే బేరింగ్ లోపలి మెత్తటి లోహపు పూత, వైట్ మెటల్, తుడుచుకుపోయింది. మనుషులకు ఏమీ కాలేదు, అదే మా అదృష్టం.

విచారణలో గుడ్డ ఎవరు పెట్టారని అడిగారు. నేను సంతకం గురించి మాట్లాడాను. అన్నీ నేనే చూస్తానన్నాను కాబట్టి మిగతావాళ్లు చూడటం మానేశారు. ఇరవై గంటలు మేలుకున్న కళ్లు చూసీ చూడనట్టే. ఆ తర్వాత గుడ్డలు పూర్తిగా ఆపేశాం. నంబరు వేసిన ప్లగ్గులు, వాటికో రిజిస్టరు, ఇచ్చినన్ని తిరిగొస్తేనే బాక్స్‌అప్, అంటే మెషీన్ మూసి బిగించడం. రెండు సంతకాలు, ఆ రెండోది నాది కాకూడదు. షిఫ్ట్ అయ్యాక ఎవరైనా సరే, నేనైనా సరే, ఇంటికి వెళ్లాల్సిందే. రాత్రి ఫోన్ మొదట డిప్యూటీకి వెళ్లాలి.

నేను ఇంటికి దూరమైంది పోస్టు వల్ల కాదండీ, వదలలేకపోవడం వల్ల. ప్లాంటులో బేరింగ్ పోయిందీ అందుకే. ఆ తర్వాత ఇంకా పెద్ద పోస్టులు వచ్చాయి, కానీ పిల్లల చదువుల దగ్గర కూర్చున్నది ఆ ఏళ్లలోనే.

ఇంజినీరింగ్ కూడా పోలేదు, రూపం మారింది. వైబ్రేషన్ కొంచెం పెరిగిన మెషీన్‌ని వచ్చే షట్‌డౌన్ దాకా నడపాలా, ఇప్పుడే ఆపాలా అన్న నిర్ణయానికి గేజ్ పట్టిన అనుభవమే కావాలి. ఇవాళ్టి అంకె ఎంత అన్నదానికంటే వారం రోజులుగా అది ఎటు పోతోందన్నది చూడాలి. పైవాళ్లు నడపమని ఒత్తిడి చేసినప్పుడు 'ఆపుతున్నాం' అని చెప్పడం మీ పని. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన పని అదే.

ఒక ఖర్చు మాత్రం దాచను. నాలుగు బదిలీలు అయ్యాయి. రెండో బదిలీతో మా ఆవిడ లెక్కల టీచర్ ఉద్యోగం మానేసింది. అప్పట్లో అది మా ఇద్దరి నిర్ణయం అనుకున్నాను. ఆలోచిస్తే, నేను చెప్పాను, తను సర్దుకుంది. మీ ఇంట్లో ఈ మాట పోస్టు ఒప్పుకోకముందే, తీరిగ్గా కూర్చుని మాట్లాడండి.

రిటైర్మెంట్‌ గురించీ కొంచెం. వేడిగా ఉన్న టర్బైన్‌ని ఆపాక రోటర్‌ని కదలకుండా వదిలేయం కదా. పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి వంగిపోతుందని, చల్లారేదాకా బారింగ్ గేర్ అనే తిప్పే పరికరం మీద నెమ్మదిగా తిప్పుతాం. నేనూ ఏడాది ముందు నుంచే మీటింగులు ఒక్కొక్కటి డిప్యూటీకి అప్పగించాను. దిగిపోయాక మొదటి ఏడాది వారానికి రెండు రోజులు కొత్త ఇంజినీర్లకు అలైన్‌మెంట్, అంటే రోటర్లను ఒకే వరసలో కుదర్చడం, నేర్పాను. ఇప్పుడు మా ఆవిడ మళ్లీ లెక్కలు చెప్తోంది. పొద్దున్న పిల్లలు వచ్చేలోపు ఇంటి పనంతా నాది.

మీరు మాత్రం ఒప్పుకునే ముందు రెండు విషయాలు అడగండి. మీ కింద నంబర్ టూ ఎవరు, అతణ్ని మీరే ఎంచుకోవచ్చా? రాత్రి రెండింటికి వచ్చే ఫోన్ మొదట ఎవరు ఎత్తాలో రాతపూర్వకంగా ఉందా? లేకపోతే మొదటి నెలలోనే రాయించండి. జవాబు ఏం వచ్చిందో ఇక్కడే చెప్పండి, నంబర్ టూని ఎలా తయారు చేసుకున్నానో అప్పుడు వివరంగా రాస్తాను.