యాలకులకి అంత పెద్ద హీరో ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, మావాడు ఎనిమిదో తరగతి. ఐపీఎల్ వస్తుంటే టీవీ ముందు నుంచి కదలడు. మొన్న మ్యాచ్ మధ్యలో యాలకుల ప్రకటన వస్తే, "అమ్మా, యాలకులకి అంత పెద్ద హీరో ఎందుకు?" అన్నాడు. అది పాన్ మసాలా వాళ్లదిరా అంటే లేనిపోనిది నేనే పరిచయం చేసినట్టవుతుందేమోనని భయపడి, "నోర్మూసుకుని మ్యాచ్ చూడు" అన్నాను. ఏం చెప్పాల్సింది?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, సగం పాఠం మీవాడే చెప్పేసుకున్నాడు. మిగతా సగానికి మీ వంటింటి పోపులడబ్బా చాలు. అందులో యాలకులు ఏ కంపెనీవో మీకు గుర్తుందా? కొట్లో పొట్లం కట్టించుకుని తెచ్చుకుంటాం, అంతే. మరి గుప్పెడు యాలకులు అమ్ముకోవడానికి అంత ఖరీదైన హీరోని ఎవడు పెట్టుకుంటాడు? ఈ లెక్క వాడిచేతే వేయించండి. తర్వాత ఎప్పుడైనా కిళ్లీ బడ్డీ ముందు ఆగి, దండల్లా వేలాడే పాన్ మసాలా పొట్లాలు చూపించండి. అదే పేరు, అదే రంగు, అక్షరాల వంపు కూడా అదే. పరిచయం చేస్తానేమోనన్న భయం వద్దు. బడికెళ్లే దారిలో వాడు వాటిని రోజూ చూస్తూనే ఉన్నాడు.

టీవీలో మద్యం ప్రకటనలకి 2000లో తలుపు మూశారు. పొగాకు ప్రకటనలకి 2003లో చట్టం వచ్చింది. అప్పట్నుంచీ అవే పేర్లు సోడా, మంచినీళ్లు, యాలకుల వేషం కట్టి తిరుగుతున్నాయి. ఈ ముసుగు ప్రకటనలు కూడవని 2022లో కేంద్రం మళ్లీ చెప్పింది. చెప్పాక కూడా మీ టీవీలో వస్తూనే ఉన్నాయి కదా!

నేను ఒంగోలులో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విస్కీ పేరుతో మ్యూజిక్ సీడీల ప్రకటన తెగ వచ్చేది. తొమ్మిదో తరగతిలో అడిగాను, "ఆ సీడీలో పాటలేంట్రా?" అని. ఎవరికీ తెలీదు. పేరు మాత్రం క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఒక కుర్రాడు పట్టు వదలక ట్రంకు రోడ్డు మీద మూడు క్యాసెట్ల షాపులు తిరిగొచ్చాడు. మర్నాడు మొహం ఎర్రగా పెట్టుకుని, "లేని సరుక్కి ప్రకటనేంటి మాస్టారూ, మనమేమన్నా ఎర్రోళ్లమా?" అన్నాడు. తాగితే కాలేయం పాడవుతుందని అంతకుముందు నేను చెప్పినప్పుడు వాడు ఆవలించాడు. తనని ఎవరో బురిడీ కొట్టించబోయారని తెలిసేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఆ ఈడు పిల్లలకి జబ్బు అంటే ఎక్కడో దూరంగా ఉండే సంగతి. అవమానం అయితే చప్పున తగులుతుంది.

నేనేదో తెలివైనవాణ్ణని కాదు. మాది కందుకూరు పక్క పల్లె. మా నాన్న పండించిన పొగాకుతోనే నా చదువు సాగింది. బ్యారన్, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గది, దాని కింద మంట చూసుకుంటూ, ఆకు పసుపు తిరిగేదాకా ఆయనకి రాత్రుళ్లు నిద్రుండేది కాదు. పొగాకు కొట్టిన చేతులు జిగురుతో నల్లబడేవి, అన్నం ముద్ద చేదుగా ఉండేది. ఇంత తెలిసిన నేను కాలేజీలో సిగరెట్ ఎందుకు ముట్టించానంటే, ఒక పత్రిక వెనక అట్ట మీద బొమ్మ చూసి. చక్కని జంట, ఇస్త్రీ నలగని బట్టలు, తెల్లటి నవ్వు. ఎంత వెతికినా అందులో ఒక్క పొగాకు ఆకు లేదు, మా నాన్న చేతులు అసలే లేవు. మానడానికి పదకొండేళ్లు పట్టింది. ఈలోగా క్రికెట్టూ సిగరెట్ కంపెనీల చేతిలోకే వెళ్లింది. 1996 ప్రపంచ కప్పుని విల్స్ వరల్డ్ కప్ అన్నారు. కప్పు పేరు చెప్పాలంటే పిల్లలు సిగరెట్ పేరు చెప్పాల్సిందే!

ఒక్క జాగ్రత్త. హీరోని మాత్రం తిట్టకండి. పదమూడేళ్లవాడు వెంటనే హీరో వైపు నిలబడతాడు, మీ మాట వినడు. ఈసారి ఆ ప్రకటన రాగానే రిమోట్ తీసుకుని సౌండు తీసేయండి. ఆ పాటా, ఆ గంభీరమైన గొంతూ పోయాక అందులో ఏం మిగిలిందో వాణ్ణే చెప్పమనండి. కారు, కోటు, నలుగురు నౌకర్లు అంటాడనుకుంటా. యాలకులు ఎన్ని సెకన్లు కనిపించాయో వాచీ పెట్టి చూడమనండి. ఎన్నొచ్చాయో నాకు ఉత్తరం రాయమనండి, వాడి చేతిరాతతోనే.