ఒడియా పట్టుబడిందా, పికప్ అయిందా?

ప్రశ్న: మా మనవడు వీధి పిల్లలతో ఆడుతూనే ఒడియా చక్కగా నేర్చేశాడు. ‘వాడికి ఒడియా పట్టుబడింది’ అన్నాను. మా కోడలు నవ్వి, ‘పట్టుబడేది దొంగలు కదా అత్తయ్యా! పికప్ చేశాడు అనాలి’ అంది. ఫోనుకీ, బండికీ, వ్యాపారానికీ కూడా పికప్పే అంటున్నారు. దీనికి సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, బరంపురం (గంజాం జిల్లా)

సమాధానం: అమ్మా, మీ మాటలో తప్పేమీ లేదు. దొంగ పట్టుబడ్డాడు అన్నప్పుడు చిక్కినవాడు మనిషి. వాడికి ఒడియా పట్టుబడింది అన్నప్పుడు చిక్కింది భాష. ఆ ‘కి’ ఒక్కటీ గమనిస్తే మీ కోడలికి నవ్వు రాదు.

నిద్ర పట్టడం, చెమట పట్టడం, తుప్పు పట్టడం, పనికి గంట పట్టడం... ఈ క్రియ పట్టని చోటు తెలుగులో తక్కువ. తమిళంలో దీని తోబుట్టువు ‘పఱ్ఱు’. వేమన చేతిలో దీని ఆట చూడండి:

పట్టు పట్టరాదు పట్టి విడువరాదు
పట్టెనేని బిగియ బట్టవలయు

రెండు పాదాల్లో ఐదుసార్లు! మొదటిది పట్టుదల, తక్కినవన్నీ పట్టడమనే పని. నాలుగోసారికే మనకు విసుగు రావాలి, రాదు. ఒకే క్రియను ఇన్నిసార్లు తిప్పి బిగువు సడలకుండా నిలపడం వేమనకే చెల్లింది. ఇంత మాట ఇంట్లో పెట్టుకుని పికప్ కోసం పక్కింటికి పోతున్నాం.

అన్నట్టు, మీ ఊరు పేరుపొందిన పట్టుచీరలోని పట్టు వేరు. అది సంస్కృత ‘పట్టం’ నుంచి వచ్చింది. మీ చుట్టూ ఒడియాలో పట్టుకు వినబడే ‘పాట’ కూడా దాని సంతానమే. ప్రాకృతంలోని జంట హల్లు ఒంటిదైతే ముందున్న అచ్చు సాగడం అక్కడి పద్ధతి. ‘సత్త’ (ఏడు) సాత అయినట్టే, ‘హత్థ’ (చెయ్యి) హాత అయినట్టే ‘పట్ట’ పాట అయింది. రోజూ సాత, హాత వినే మీకు ఇది వేరే చెప్పాలా!

మళ్లీ మనవడి దగ్గరికి వద్దాం. సాధన చేసి వంటలోనో వీణలోనో చెయ్యి తిరిగితే ‘పట్టుబడింది’ బాగా అతుకుతుంది. కూర్చుని నేర్వకుండా, ఆటలో చెవినపడి వచ్చిందానికి ‘ఒంటబట్టింది’ ఇంకా దగ్గరేమో అనిపిస్తుంది. అలాగని మీ వాక్యాన్ని దిద్దను.

తక్కిన పికప్పుల సంగతి: ఫోన్ ఎత్తుతాం. ఆటోవాడు దారిలో మనల్ని ఎక్కించుకుంటాడు. వ్యాపారం పుంజుకుంటుంది. ఇవేవీ పండితులు అల్లినవి కావు, అందరి నోటా ఉన్నవే. ‘పికప్ చేసుకోవడానికి వస్తున్నా’ అనేవాళ్లకి ‘తీసుకెళ్లడానికి’ అంటే నోరు తిరగదా? బండి విషయంలో మాత్రం మెకానిక్‌తో ‘వేగం అందుకోవట్లేదు’ అన్నా అర్థమవుతుంది, ‘పికప్ లేదు’ అంటే ఇంకా త్వరగా అర్థమవుతుంది. అక్కడ నాకు పెద్ద పట్టింపు లేదు.