ల్యాండ్‌లైన్ సిప్ అకౌంట్‌ని మొబైల్‌లో పెట్టుకుంటే ఇక ఫార్వర్డింగ్ అక్కర్లేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: విశాఖ ఎంవీపీ కాలనీలో పళ్ళ క్లినిక్, ఫైబర్ నెట్‌తోపాటు వచ్చిన 0891 నంబర్, దానికి కంపెనీ వాళ్ళు ఇచ్చిన సిప్ (నెట్ మీద ఫోన్ కాల్స్ కలిపే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్. క్లినిక్ మూశాక కూడా ఆ నంబర్‌కి వచ్చే కాల్స్ మీ మొబైల్‌లో మోగాలి. ఆ అకౌంట్‌తో మొబైల్‌నే ల్యాండ్‌లైన్‌లా వాడుకునే సాఫ్ట్‌ఫోన్ యాప్ వేసుకున్నారు గానీ స్క్రీన్ ఆరితే రింగు రావడం లేదు. యాప్‌నే సరిచేసుకోవాలా, ఫార్వర్డింగ్ పెట్టుకోవాలా అని అడిగారు.

రెండూ పెట్టుకోండి, కానీ ఒక్కోదాన్ని దాని పనికే వాడండి. క్లినిక్ నంబర్ మీద బయటికి ఫోన్ చేయడానికి సాఫ్ట్‌ఫోన్ చాలా బాగుంటుంది. వచ్చే కాల్ పోకూడదంటే మాత్రం ఫార్వర్డింగ్ ఉండి తీరాలి. ఇది నాకు తెలిసొచ్చేసరికి నన్ను నమ్ముకున్న ఒకాయన నష్టపోయారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డాబాగార్డెన్స్ దగ్గర మాకు మోటారు వైండింగ్ షాపు ఉంది, నాన్నగారు పెట్టింది. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, మేం చుట్టిన ప్రతి మోటారు మీద అంటించే స్టిక్కర్ మీద ఉండేది ఆ ల్యాండ్‌లైన్ నంబరే. రాగి తీగ తీసేసి ఫైబర్ వేసినప్పుడు కూడా పట్టుబట్టి అదే నంబర్ ఉంచుకున్నాం. దాని సిప్ అకౌంట్‌నే నా మొబైల్‌లో లిన్‌ఫోన్ అనే సాఫ్ట్‌ఫోన్ యాప్‌లో పెట్టుకున్నాను. పగలు బ్రహ్మాండంగా పనిచేసేది. ఇక రాత్రి కాల్స్ బెంగ లేదనుకున్నాను.

ఒక రాత్రి భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీలో బ్లోయర్ మోటారు కాలిపోయింది. వాళ్ళ స్పేర్ మోటారు మా షాపులోనే ఉంది. వైండింగ్ అయిపోయి, వార్నిష్ ఆరి, బల్ల మీద సిద్ధంగా ఉంది. ఆయన స్టిక్కర్ చూసి పదకొండున్నర నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశారట. ఖాళీ షాపులో ఫోన్ మోగింది. నా మొబైల్ తలగడ పక్కనే ఉంది, చప్పుడు లేదు. తెల్లవారి ఆయనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. “మోగుతూనే ఉంది బాబూ, ఎవరూ ఎత్తలేదు” అన్నారు, అంతకుమించి ఒక్క మాట అనలేదు. గాలి ఆగిపోయిన ట్యాంకుల్లో పిల్ల మొత్తం పోయింది. ఆయన ముందే యాప్ తెరిచాను. పచ్చ చుక్క వెలిగింది, రిజిస్టర్డ్ అని చూపించింది. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. కాల్ నా ఫోన్ దాకా వస్తే కదా మిస్డ్ కాల్ అని పడటానికి! కంపెనీ పోర్టల్‌లో చూస్తే నాలుగు కాల్సూ టైముతో సహా ఉన్నాయి.

ఎందుకలా జరిగిందో చెప్తాను, మీ సమస్యా ఇదే. సాఫ్ట్‌ఫోన్ సర్వర్‌కి “నేను ఫలానా అడ్రస్‌లో ఉన్నాను” అని చెప్పుకోవడమే రిజిస్ట్రేషన్. చాలా యాప్‌లలో ఆ మాట గంటసేపు, అంటే 3600 సెకన్లు, చెల్లేలా ఉంటుంది. ఈలోగా దారిలో ఉన్న రౌటర్, కాసేపు మాటామంతీ లేకపోతే, ఆ దారి మూసేస్తుంది. యూడీపీ (నెట్‌లో సమాచారం పంపే ఒక పద్ధతి) మీద అయితే అర నిమిషానికే మూసేవి ఉన్నాయి. దానికి తోడు ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని ఒకటి వచ్చింది. స్క్రీన్ ఆరి, ఫోన్ కదలకుండా ఉంటే యాప్‌లకు నెట్ ఆపేస్తుంది. ఐఫోన్ అయితే యాప్‌ని వెనకాల అలా మేలుకుని ఉండనివ్వనే ఇవ్వదు, పుష్ నోటిఫికేషన్ వచ్చి లేపాలి. ఇవేవీ సర్వర్‌కి తెలియవు. దాని లెక్కలో గంట ఇంకా అవలేదు, మీరు ఉన్నట్టే. చేరని చోటికి కాల్ పంపుతుంది, జవాబు కోసం చూస్తుంది, వదిలేస్తుంది.

యాప్‌ని ఎంతవరకు బాగు చేయవచ్చో అంతా చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ వాడకం అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టండి, ఆటో స్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. సర్వర్ ఒప్పుకుంటే యూడీపీ బదులు టీసీపీ గానీ టీఎల్‌ఎస్ గానీ ఎంచుకోండి. రిజిస్ట్రేషన్ గడువు 3600 నుంచి 300కి దించండి. పుష్ అని ఆప్షన్ ఉంటే అది మీ అకౌంట్‌తో పనిచేస్తుందో లేదో కంపెనీని అడగండి. ఇన్ని చేశాక నాకు పదికి తొమ్మిది కాల్స్ మోగాయి. ఆ పదోది రాత్రి పంటి నొప్పితో అల్లాడే మీ పేషెంటుది కావచ్చు కదండీ.

మీ విషయంలో ముందుగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఫైబర్‌తో వచ్చే నంబర్లలో చాలావాటికి సిప్ సర్వర్ ఆ కంపెనీ నెట్‌వర్క్ లోపలే పలుకుతుంది. క్లినిక్ వైఫైలో రిజిస్టర్ అయిన యాప్ బీచ్ రోడ్డు ఎక్కి మొబైల్ డేటాకి మారగానే ఫెయిల్ అంటే కారణం అదే. అప్పుడు యాప్ సెట్టింగ్స్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. అలాగే కొందరు ఒక అకౌంట్‌కి ఒక్క రిజిస్ట్రేషనే ఇస్తారు. క్లినిక్‌లోని ఫైబర్ డబ్బా, మీ మొబైల్ ఒకదాన్నొకటి తోసేసుకుంటూ ఉంటాయి. కాసేపు టేబుల్ మీది ఫోన్ మూగబోతుంది, కాసేపు మొబైల్. ఎన్ని రిజిస్ట్రేషన్లు ఇస్తారో కస్టమర్ కేర్‌ని సూటిగా అడగండి.

మాట్లాడుతుంటే ప్రతిసారీ సరిగ్గా అర నిమిషానికి కాల్ తెగిపోతోందా? గడియారం పెట్టి చూడండి. 32 సెకన్లయితే నెట్ స్పీడ్ తప్పు కాదు. ఫోన్ ఎత్తాక అవతలి నుంచి రావలసిన చివరి సమాధానం దారిలో పోతోందన్నమాట. సిప్ నియమం ప్రకారం అర సెకనుకి 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి, ఎత్తిన వైపు కట్ చేస్తుంది. నాకు వారం రోజులు ఇదే టెన్షన్. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని, సిప్ కాల్స్ సమాచారాన్ని దారిలో మార్చే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేశాక పోయింది. ఒకవైపే మాట వినిపించడానికి కూడా చాలాసార్లు అదే కారణం.

ఇక ఫార్వర్డింగ్. ఇది మీ ఫోన్‌లో జరిగే పని కాదు, కంపెనీ సర్వర్‌లో జరుగుతుంది. అందుకే యాప్ నిద్రపోయినా, క్లినిక్‌లో కరెంటు పోయినా ఆగదు. మన ఊళ్ళో ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్ళం. పాత రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది. ఫైబర్ డబ్బాకి మన గోడ సాకెట్టే దిక్కు. ఒక మినీ యూపీఎస్ పెట్టండి, అది వేరే సంగతి.

ఫార్వర్డింగ్‌లో మూడు నాలుగు రకాలుంటాయి. అన్ని కాల్స్ పంపేది పెట్టకండి, క్లినిక్ తెరిచి ఉన్నప్పుడు మీ రిసెప్షన్ అమ్మాయికి ఫోన్ మోగదు. “అందుబాటులో లేకపోతే” అన్నది ఒక్కటే పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి. పైన చెప్పాను కదా, యాప్ చచ్చినా రిజిస్ట్రేషన్ గడువు తీరేదాకా సర్వర్‌కి మీరు అందుబాటులో ఉన్నట్టే. “ఎత్తకపోతే” అన్నది తప్పనిసరి, 20 సెకన్లు ఇవ్వండి. మన రింగు మూడు సెకన్లకొకసారి పడుతుంది కాబట్టి సుమారు ఆరు రింగులు. దాంతోపాటు “అందుబాటులో లేకపోతే”, “బిజీగా ఉంటే” కూడా మీ మొబైల్ నంబర్‌కే పెట్టండి. యాప్‌కి కాదు, మామూలు సిమ్ నంబర్‌కి.

ఆ మొబైల్ మీద మళ్ళీ ల్యాండ్‌లైన్‌కి ఫార్వర్డింగ్ లేకుండా చూసుకోండి. నేను ఎప్పుడో పెట్టి మరిచిపోయాను. కాల్ అటూ ఇటూ తిరిగి, చేసినవాళ్ళకి బిజీ టోన్ వినిపించేది. మొబైల్‌లో ##002# కొడితే దాని మీది ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి. *401# తరహా కోడ్లతో ఫార్వర్డింగ్ పెట్టే సేవను టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది, మోసగాళ్ళు వాటితోనే జనాల కాల్స్ తమవైపు తిప్పుకునేవారు. కొరియర్ అనో, బ్యాంకు అనో ఎవరైనా ఫోన్ చేసి ఏదో కోడ్ నొక్కమంటే మీ రిసెప్షన్‌లో ఎవరూ నొక్కకూడదని ఇవాళే చెప్పండి. ఓటీపీ చెప్పే కాల్ కూడా వాళ్ళకే పోతుంది.

ఖర్చు సంగతి: ఫార్వర్డ్ అయిన రెండో భాగం మీ ల్యాండ్‌లైన్ ఖాతాలోంచే పోతున్న కాల్. అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో అది కలుస్తుందో లేదో కనుక్కోండి. మొబైల్ తెరమీద పేషెంట్ నంబర్ పడుతుందా, మీ క్లినిక్ నంబరే పడుతుందా అన్నదీ కంపెనీని బట్టి ఉంటుంది. క్లినిక్ నంబరే పడితే దాన్ని “క్లినిక్ కాల్” అని సేవ్ చేసుకుని గట్టి రింగ్‌టోన్ పెట్టుకోండి. నేను అలాగే చేశాను.

సిప్ పాస్‌వర్డ్ ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి, ఐఎస్‌డీ అవసరం లేకపోతే మూయించండి. దొరికిన అకౌంట్ మీద విదేశాలకి కాల్స్ చేసి బిల్లు మోపేవాళ్ళున్నారు. సాఫ్ట్‌ఫోన్‌లో అర్ధరాత్రి 100, 1001 లాంటి నంబర్ల నుంచి ఉత్త కాల్స్ వస్తే, ఎవరో 5060 పోర్టు, అంటే సిప్ కాల్స్ వచ్చే తలుపు, తట్టి చూస్తున్నారన్నమాట. యాప్‌లోనో రౌటర్‌లోనో మీ సర్వర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కాల్ తీసుకోకుండా పెట్టుకోండి.

అన్నీ పెట్టాక ఇంట్లోవాళ్ళ ఫోన్ నుంచి క్లినిక్ నంబర్‌కి మూడుసార్లు చేసి చూడండి. ఒకసారి మీ మొబైల్ గంటసేపు కదలకుండా పడున్నాక, ఒకసారి యాప్ పూర్తిగా మూసేసి, ఒకసారి క్లినిక్‌లో ఫైబర్ డబ్బా ప్లగ్ పీకేసి. మూడుసార్లూ మీ సిమ్ మీద మోగాలి. మోగకపోతే ఏ పరీక్షలో ఆగిందో ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతలో చూసి చెప్తాను. నేను ఇప్పటికీ నెలకోసారి షాపు మూసేటప్పుడు ఈ మూడూ చేస్తాను. భీమిలి ఆయన ఇప్పటికీ మా దగ్గరికే వస్తున్నారు.