ఊరి చరిత్ర రాయాలనుకుంటే ముందు ఊరికి పో

పెరంబూరు, చెన్నై

చిరంజీవి నాయనకు, మీ పెద్దనాయన ఆశీస్సులు.

మన ఊరి చరిత్ర రాస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంతోషం. అయితే వచ్చే వారమే ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోతానన్నావే, అది ఇప్పుడే వద్దు. అక్కడి కాగితాలు వచ్చే ఏడూ ఉంటాయి. ఊళ్లో 80 దాటినవాళ్లు ఉంటారని చెప్పలేం.

పోయి చరిత్ర చెప్పమని అడగొద్దు. "మాకేం తెలుసు నాయనా" అంటారు. చెరువు సంగతి ఎత్తు. తూము ఎవరు తెరిచేవాళ్లు, కడగొట్టు మడికి నీళ్లు అందకపోతే పంచాయితీ ఎక్కడ జరిగేది, మడులకు నీళ్లు వదిలే నీరుగంటికి కల్లంలో ఎంత ధాన్యం కొలిచేవాళ్లు, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం ఎప్పుడు ఆగింది, మొదటి కరెంటు మోటారు ఎవరి బావికి వచ్చింది, బోర్లు పడ్డాక చెరువు కట్టను ఎవరు పట్టించుకున్నారు. ఇవి అడిగితే ఊరంతా మాటల్లోకి వస్తుంది. ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే రోజుల గురించి కూడా అడుగు. అర్జునుడి వేషంలో తపస్సు మాను ఎక్కేదెవరు, దుర్యోధనుడి బొమ్మకు మట్టి తెచ్చేదెవరు, ఏ ఏడు ఎందుకు ఆగింది.

కరణం ఇంట్లో మొదలుపెట్టి అక్కడే ముగించొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. శిస్తు కట్టినవాళ్ల పేర్లే లెక్కలకు ఎక్కాయి. నీళ్లు పారగట్టిన నీరుగంటి, నాట్లేసిన ఆడవాళ్లు, జీతానికి పశువులు కాసిన పిల్లోళ్లు అందులో కనపడరు. దళితవాడకు పోయి, వాళ్ల ఇంటి ముందర కూర్చుని విను. వాళ్లు చెప్పింది ఊరి పెద్దల మాటతో కలవకపోతే రెండూ రాయి. ఏదీ కొట్టేయొద్దు.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. "కరణం, మునసబు పదవులు పోయినదానికి ముందా, తర్వాతా?" అని అడుగు. అది 1984. ధాత కరువు అని ఎవరైనా అంటే 1876-78 నాటి మాట.

పొలాలకు వాళ్లు పిలుచుకునే పేర్లు, వాటి సర్వే నంబర్లు పక్కపక్కన రాసుకో. రిజిస్టర్లో నంబరే ఉంటుంది, ఈతమాను మడి అని ఉండదు.

ఎగ్మోర్ పని ఆ తర్వాత. ముందే అర్జీ పెట్టుకో. పాత రికార్డులను చిత్తూరు జిల్లా కింద వెతికితే దొరకవు. ఆ జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు మన చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో ఉండేది, ఆ పేరుతో సెటిల్‌మెంటు రిజిస్టర్లు అడుగు. నంజ (తరి), పుంజ (మెట్ట), శిస్తు, పట్టాదారు పేరు అన్నీ వాటిలో ఉంటాయి. లెక్కలు ఫసలీల్లో, అంటే పాత శిస్తు సంవత్సరాల్లో ఉంటే టెన్షన్ పడకు, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1320 ఫసలీ అంటే 1910 జులై నుంచి 1911 జూన్ దాకా. ఆ పక్కనే కన్నెమరా లైబ్రరీ. కాక్స్ అనే దొర 1881లో తెచ్చిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్, అంటే ఆ జిల్లా వివరాల పుస్తకం కోసం అక్కడ అడుగు.

రాసింది అచ్చుకు ఇచ్చే ముందు ఊళ్లో చదివి వినిపించు. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. సంక్రాంతికైతే బయట ఊర్లలో ఉన్నవాళ్లు కూడా వస్తారు, అప్పుడు పెట్టుకో.

మీ పెద్దనాయన